‘ఫ్యాక్టరీ’ అను మాట: సూరతు కొఠీ మొదలు వడోద్ వరకు

1613వ సంవత్సరమున ఆంగ్లేయులు సూరతునందు ఫ్యాక్టరీ స్థాపించిరని మన దేశచరిత్ర చదివిన ప్రతి విద్యార్థియు ఏదో యొక తరగతిలో వల్లించియే యుండును. వల్లించునప్పుడు ఆ బాలుని కన్నుల యెదుట నిలిచిన చిత్రమెట్టిదో ఊహించుట కష్టము కాదు. ఎత్తైన పొగగొట్టము, తెల్లవారుజామున మ్రోగు కూత, ద్వారము కడ బారులు తీరిన కూలీలు, లోపల గడగడలాడు యంత్రములు. ఆ చిత్రమున ఒక్క రేఖయు సత్యము కాదు. పదునేడవ శతాబ్దిలో తాపీనది యొడ్డున నుండిన ఆ ఫ్యాక్టరీలో ఒక్క మగ్గము ఆడలేదు; ఒక్క మూర గుడ్డ నేయబడలేదు. అందలి పనిముట్లు కలము, సిరాబుడ్డి, త్రాసు, గజపుబద్ద, లెక్కల పుస్తకములు.

నేడు అదే సూరతు నగరపు దక్షిణ భాగమున, పాండెసరా పారిశ్రామికవాడకు చేరువలో, వడోద్ అను చోటు కలదు. నగరము పెరిగి తనలో కలుపుకొన్న పల్లెలలో అదియు నొకటి. ఆ చుట్టుపట్ల ఫ్యాక్టరీ యన్నచో అర్థమేమని ఎవరును అడుగరు. అద్దకపు మిల్లులు, మరమగ్గముల షెడ్లు, పగలును రాత్రియు ఆగని చప్పుడు. నగరమొకటే, సరకొకటే, మాటయు నొకటే. నాడు నేతగాడు అడుగుపెట్టని యింటికి ఆ పేరు. నేడు నేతగాడు తన దినమున సగము గడపు చోటికి ఆ పేరు. ఈ నడుమ జరిగిన కథలో తెలుగువారి పాలు కొంచెము కాదు.

ఈ మాటకు మూలము లాటిను భాషలోని ‘ఫాకెరె’ యను ధాతువు. చేయుట యని దాని యర్థము. ‘ఫాక్టర్’ అనగా చేయువాడు. ఎవరికొరకు చేయువాడు? తన కొరకు కాదు, తనను నియమించిన యజమానుని కొరకు. పరదేశమందు యజమాని సొమ్ముతో, యజమాని పేర కొనుగోలు అమ్మకములు జరుపు ప్రతినిధికి ఐరోపా వర్తకులు ఈ పేరు పెట్టిరి. మన దేశమున దీనికి సరిపోవు మాట ఆనాడే యుండెను, అది ‘గుమాస్తా’. పారసీకమున ‘నియమింపబడినవాడు’ అని దాని భావము. వర్తకుని తరఫున పది ఊళ్లలో మాట చెల్లించుకొన్న గుమాస్తా, నేటి తెలుగున కార్యాలయములో బల్ల ముందు కూర్చుండు చిన్న యుద్యోగిగా మిగిలినాడు. మాటలకును పదోన్నతులు, పదచ్యుతులు కలవని దీనిని బట్టి తెలియుచున్నది.

ఫాక్టరులు నివసించు చోటు ఫ్యాక్టరీ. ఆంగ్లేయులకంటె ముందు పోర్చుగీసువారు దీనినే ‘ఫెయిటోరియా’ యని పిలిచిరి. 1500లో కబ్రాల్ నావికాదళము కాలికట్టున నెలకొల్పిన ఫెయిటోరియా కొన్ని నెలలైనను నిలువక, ఆ యేటి డిసెంబరులోనే ఊరివారితో జరిగిన పోరులో నశించెను. ఇట్టి యిండ్లు ఎందులకు కావలసి వచ్చినవో ఋతుపవనములను అడుగవలెను. ఐరోపా నుండి వచ్చు ఓడలు గాలి వాలునుబట్టి రావలెను, గాలి వాలునుబట్టియే పోవలెను. ఓడ దిగిన నాడు బజారునకు పోయి సరకు కొనబూనినచో ధర మిన్నంటును. కావలసినంత సరకు దొరకదు. కావున ఓడ పోయిన పిదప గూడ కొందరు తీరమున నిలిచి, ధర తక్కువగానున్న నెలలలో బట్టను, నీలిమందును, మిరియమును సేకరించి, తదుపరి ఓడ వచ్చునాటికి మూటలు కట్టి సిద్ధముగా నుంచవలెను. రెండు ఓడల నడిమి కాలమును గడుపుటకు కట్టుకొన్న యిల్లే ఫ్యాక్టరీ.

దాని ప్రధానాంగము గిడ్డంగి. ఇంగ్లీషున ‘గోడౌన్’ అను మాట మన ‘గిడ్డంగి’ నుండియో, తమిళుల ‘కిడంగు’ నుండియో పుట్టి, మలయా భాష మీదుగా ఆంగ్లేయుల నోటికి చేరినదని పలువురు పండితుల యభిప్రాయము. అట్లయినచో ఆంగ్లేయులు తమ ఫ్యాక్టరీకి పేరు మాత్రము ఐరోపా నుండి తెచ్చుకొని, లోపలి గదికి పేరు మన వైపు తీరమున సంపాదించుకొనిరనవలెను.

సూరతు సంగతికి వత్తము. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఈస్టిండియా కంపెనీకి పట్టా నిచ్చెను. 1608లో హెక్టరు అను ఓడపై హాకిన్సు సూరతు చేరి, అక్కడినుండి ఆగ్రాకు పోయి జహంగీరు పాదుషా దర్శనము చేసికొనెను గాని, పోర్చుగీసువారి ప్రాబల్యముచే అతని ప్రయత్నము నిలువలేదు. 1612 చివర సువాలి రేవు కడ కెప్టెన్ బెస్టు పోర్చుగీసు నావలను ఎదిరించి నిలిచిన పిమ్మట మొగలు అధికారుల చూపు మారెను. 1613 ఆరంభమున ఫర్మానా లభించినది. 1615లో వచ్చిన రాయబారి సర్ థామస్ రో సూరతులోనే దిగెను.

ఆ యింటిలోని జీవితమును గూర్చి 1638లో వచ్చిన మాండెల్‌స్లో, 1670లలో ఉండిన ఫ్రయరు, 1689లో వచ్చిన ఓవింగ్టన్ మొదలగువారు వ్రాసి యుంచిరి. అది దుకాణమువలె గాక విద్యార్థి వసతిగృహమువలె నుండెడిది. అందరును ఒకే బల్ల కడ భుజించుట, నియమిత వేళలలో ప్రార్థన, రాత్రి ద్వారములు మూయుట, పెద్దల ముందు పిన్నల యణకువ. పైన అధ్యక్షుడు, అతని తరువాతి స్థానము లెక్కలు చూచు అధికారిది, పిదప గిడ్డంగి అధికారి. కార్యదర్శి స్థానము ఆ వెనుకనే. సచివాలయములందు పనిచేయు పాఠకులు దీనిని గమనింతురు గాక! ఉద్యోగుల వరుసయు చూడదగినది. అందరికంటె క్రింద అప్రెంటిసు, అతనిపై రైటరు, అతనిపై ఫాక్టరు, ఆపైన వర్తకుడు, పెద్ద వర్తకుడు. 1744లో మద్రాసులో దిగిన రాబర్టు క్లైవు ‘రైటరు’గానే వచ్చెను. ఆ రైటర్ల కొరకు 1777లో కలకత్తాలో కట్టనారంభించిన భవనమే రైటర్సు బిల్డింగు. అదియే కాలక్రమమున పశ్చిమ బెంగాలు ప్రభుత్వ సచివాలయమై 2013 వరకు నడచెను. పోలీసు ఠాణాలో నేటికిని రైటరు కలడు. ఫాక్టరు మాత్రము ఆ వరుసనుండి మాయమై, అతడుండిన యింటి పేరు మిగిలినది.

సూరతు జనులు ఆ యింటిని ఫ్యాక్టరీ యనలేదు, ‘కొఠీ’ యనిరి. కొఠీ యనగా పెద్ద యిల్లు, ధనికుని వ్యాపారగృహము. ఆ మాటయే హైదరాబాదున రెసిడెన్సీ పరిసరములకు ‘కోఠీ’ యను పేరై నిలిచినది. వస్తువులు తయారగు చోటికి మన దేశమున వేరు పేరుండెను, అది ‘కార్ఖానా’. మొగలు పాదుషాల కార్ఖానాలలో పట్టుసాలెలు, జరీపనివారు, కంసాలులు, చిత్రకారులు వేర్వేరు శాలలలో కూర్చుండి పనిచేయుటను ఫ్రెంచి యాత్రికుడు బెర్నియరు చూచి వ్రాసెను. అనగా ఆనాడు కొఠీ వేరు, కార్ఖానా వేరు; ఆ భేదము మన భాషలలో స్పష్టముగా నుండెను. ఇంగ్లీషువారు కొఠీని ఫ్యాక్టరీ యని పిలిచిరి. తరువాత ఒకటిన్నర శతాబ్దికి కార్ఖానాను గూడ ఫ్యాక్టరీ యని పిలువసాగిరి. ఆ రెంటిని ఒకే తెలుగు మాటతో అనువదింపబూనినచో చరిత్ర తారుమారగును. సూరతు ఫ్యాక్టరీని ‘వర్తక స్థావరము’ అనుటయే యుక్తము. ‘కర్మాగారము’ అని వ్రాసినచో, ఆంగ్లేయులు వచ్చుటతోడనే యంత్రములు తెచ్చి మనకు నేత నేర్పిరను భ్రాంతి పుట్టును. జరిగినది దానికి సరిగా వ్యతిరేకము. నేత మనది, వారు కొనవచ్చిరి.

ఈ సందర్భమున తెలుగు పాఠకులు గుర్తుంచుకొనవలసిన విషయమొకటి కలదు. సూరతు ఫర్మానాకు రెండేండ్లు ముందే, 1611లో, గ్లోబు అను ఓడ కృష్ణాతీరమునకు వచ్చి మచిలీపట్టణమున ఆంగ్లేయుల ఫ్యాక్టరీకి పునాది వేసెను. ఆ తీరమున డచ్చివారు అప్పటికే యుండిరి. 1632లో గోలకొండ సుల్తాను ఆంగ్లేయులకు ‘బంగారు ఫర్మానా’ నిచ్చెను. మచిలీపట్టణము, నిజాంపట్టణము, ఇంజరము, మాధవాయిపాలెము, విశాఖపట్టణము ఆంగ్లేయులవి, పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్టణము డచ్చివారివి, యానాము ఫ్రెంచివారిది. తెలుగు తీరమంతయు ఇట్లు ఫ్యాక్టరీలతో నిండెను. వానిలో ఒక్కటియు నేటి యర్థమున ఫ్యాక్టరీ కాదు. గుడ్డ నేయబడినది సాలెపేటలలో, ఇంటి పంచలలో, పడుగు సాచుటకు చెట్లనీడ యున్న వీథులలో. ఇంటిల్లిపాదియు పనిచేసెడివారు. స్త్రీలు నూలు వడకి, కండెలు చుట్టిరి. పిల్లలు పోగు లందించిరి. మగవాడు మగ్గపు గుంటలో కాళ్లుంచి నాడె యాడించెను.

ఫ్యాక్టరీ నుండి నేతగానికి చేరునది బయానా సొమ్ము. నేతగాని నుండి ఫ్యాక్టరీకి చేరునది తాను. నడుమ దలాలులు, దుబాసీలు, స్థానిక వర్తకులు. ముందుగా మచ్చు తాను చూపి, పొడవు వెడల్పులు, పోగుల లెక్క నిర్ణయించి బయానా నిచ్చెడివారు. గుడ్డలు వచ్చిన పిదప గిడ్డంగిలో మచ్చుతో సరిపోల్చి, మొదటి రకము, రెండవ రకము అని విడదీసి, నాసియైనవానిని త్రోసివేసెడివారు. త్రోసివేసిన తానుకు బయానా మాత్రము బాకీగా నిలిచెడిది. నేతగానికి ఫ్యాక్టరీతో గల సంబంధమెల్ల ఈ బాకీయే. లోపల ఏమి జరుగుచున్నదో అతడెరుగడు. తన తానుకు ఎవరు ఏ వెల కట్టిరో చూడడు.

నేతగాడు ఫ్యాక్టరీలో లేడు నిజమే. అయినను అతడు లేక ఫ్యాక్టరీ లేదు. 1630 మొదలు 1632 వరకు గుజరాతును దహించిన కరవు దీనిని రుజువు చేసెను. 1630 నవంబరులో సూరతు నుండి బురహానుపూరుకు ప్రయాణమైన పీటరు మండీ దారి పొడవునను శవములను చూచెను. నేతగాండ్రు, నూలు వడకువారు చచ్చినవారు చావగా మిగిలినవారు ఊళ్లు విడిచిరి. కొఠీ గోడలు చెక్కుచెదరలేదు; లెక్కల పుస్తకములు భద్రముగానే యుండెను; కొనుటకు గుడ్డ మాత్రము లేదు. ఆ దశాబ్దమున ఆంగ్లేయుల దృష్టి కోరమాండలు తీరముపై అధికముగా నిలుచుటకు ఇదియు నొక కారణము.

1664 జనవరిలో శివాజీ సూరతుపై పడినప్పుడు ఊరి ధనికుల యిండ్లు దోపిడి కాగా, అధ్యక్షుడు జార్జి ఆక్సెండెన్ తన కొద్దిపాటి మనుష్యులతో కొఠీని కాచుకొనెను. పిదప మొగలు ప్రభుత్వము సుంకములో సడలింపు నిచ్చెను. వర్తకపు టింటికి తుపాకులు వచ్చి చేరుట అప్పటికే ఆరంభమైనదనుటకు ఇది గుర్తు. ఫ్యాక్టరీ కోటగా మారుటకు, కోట రాజ్యముగా మారుటకు మరి నూరేండ్లు పట్టినది. 1687లో సూరతు ప్రాధాన్యము బొంబాయికి తరలెను. 1759లో ఆంగ్లేయులు సూరతు కోటను, 1800లో ఊరి పాలనను హస్తగతము చేసికొనిరి.

తెలుగు దేశమున ఈ మార్పు నేతగానికి నేరుగా తగిలెను. 1765, 1766 సంవత్సరములలో ఉత్తర సర్కారులు కంపెనీ వశమైన పిమ్మట, బయానా నిచ్చు వర్తకుడును పన్ను గైకొను ప్రభువును ఒక్కడేయైనాడు. అంతకుముందు ఆంగ్లేయుల వెల నచ్చనిచో సాలె వాడు డచ్చివానికో, ఫ్రెంచివానికో, ఊరి సెట్టికో అమ్ముకొనెడివాడు. ఇప్పుడు కంపెనీ బయానా తీర్చువరకు ఇతరుల గుడ్డ నేయరాదను నిర్బంధము కలిగెను. మగ్గముల కడ బంట్రోతులు నిలిచిరి. గోదావరి, విశాఖపట్టణ ప్రాంతముల నేతగాండ్రు కులపెద్దల వెంట గుంపులై వచ్చి మొరపెట్టుకొనుట, మగ్గములు ఆపుట, ఊళ్లు విడిచి పోవుట పదునెనిమిదవ శతాబ్ది చివరి దశకములలో పలుమారు జరిగెను. తన యింటిలో, తన మగ్గముపై కూర్చుండియే అతడు కూలివానివంటి వాడయ్యెను. గోడలు లేకున్నను ఫ్యాక్టరీ అప్పుడే అతని చుట్టును కట్టబడుచుండెనని చెప్పవచ్చును.

ఇట నింత జరుగుచుండగా ఇంగ్లండులో ఆ మాటయే మరియొక దారి పట్టెను. వస్తువులు తయారు చేయు శాలకు అక్కడ ‘మాన్యుఫ్యాక్టరీ’ యను పేరుండెను. ‘మాను’ అనగా చేయి. చేతితో చేయు చోటు అని దాని యర్థము. మన ‘చేనేత’లోని మొదటి యక్షరమునకు అది సాటి. ఆర్క్‌రైటు మొదలగువారి నూలు యంత్రములు నీటిచేతను, పిదప ఆవిరిచేతను తిరుగనారంభించిన కాలమున, చేయి వెనుకబడినట్లే మాటలోని ‘మాను’ కూడ రాలిపోయి ‘ఫ్యాక్టరీ’ మిగిలెను. ఇది భాషాశాస్త్రపు సూత్రము కాదు, కాకతాళీయమే కావచ్చును. కాని చక్కని కాకతాళీయము.

1833వ సంవత్సరమున బ్రిటిషు పార్లమెంటు రెండు శాసనములు చేసెను. ఒకదానిచే ఈస్టిండియా కంపెనీ వర్తకము ముగిసెను. అనగా పాత యర్థమున ఫ్యాక్టరీకి మన దేశమున పని లేకపోయెను. రెండవదానిచే బట్టల మిల్లులలో బాలబాలికల పనిగంటలకు హద్దు ఏర్పడి, తనిఖీ అధికారులు నియమింపబడిరి. దాని పేరే ఫ్యాక్టరీ చట్టము. ఒకే సభ, ఒకే సంవత్సరమున, ఒక యర్థమును పూడ్చి మరియొక యర్థమునకు పట్టముగట్టినది.

నడుమ చిక్కుకొన్నది మాధవాయిపాలెము. నరసాపురము చెంత గోదావరి పాయ యొడ్డున నుండిన ఆ ఊరి పేరును ఆంగ్లేయులు ‘మడపొల్లం’ అని పలికిరి. అక్కడి ఫ్యాక్టరీ నుండి పోయిన మెత్తని తెల్లగుడ్డకును అదే పేరు పెట్టిరి. కొంతకాలమునకు లాంకషైరు మిల్లులు ఆ రకము గుడ్డను యంత్రములపై నేసి, ఆ పేరుతోనే అమ్మసాగినవి. పాత ఫ్యాక్టరీ ఎగుమతి చేసిన తెలుగు పేరు కొత్త ఫ్యాక్టరీ ముద్రతో మన బజారునకే దిగుమతియై వచ్చెను. మాధవాయిపాలెమును గోదావరి చాలవరకు కోసికొనిపోయినది. పేరు మాత్రము నేటికిని ఇంగ్లీషు నిఘంటువులలో గుడ్డగా బ్రతికియున్నది.

రెండర్థములును కలిసి కాపురముండిన చోటు గూడ ఒకటి కలదు. బీహారు, బెంగాలు నీలిమందు ఫ్యాక్టరీ. అది దొర నివాసము, కచేరి. దాని ప్రక్కనే నీలి ఆకు నానవేయు తొట్లు. ఇంగ్లీషున అది ఫ్యాక్టరీ. రైతు నోట అది కొఠీయే. 1917లో గాంధీజీ చంపారణ్యమున విన్న మొరలు ఈ కొఠీల మీదనే.

మన దేశమున మొదటి ఫ్యాక్టరీల చట్టము 1881లో వచ్చెను. ఇక నిఘంటువుల పని తగ్గి, అంకెల పని ఆరంభమైనది. యంత్రశక్తితో నడచుచు 100 మందికి తక్కువ కాకుండ పనివారున్నచో అది ఫ్యాక్టరీ యని ఆ చట్టము నిర్ణయించెను. 1891లో ఆ సంఖ్య 50 అయ్యెను, 1922లో 20, స్వతంత్ర భారతమున 1948 నాటి చట్టముచే యంత్రశక్తి యున్నచో 10, లేనిచో 20. అరువదియేడేండ్లలో అర్థము విస్తరించి నూరుగురి నుండి పదుగురికి దిగివచ్చినది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి ఆ సంఖ్యలను వెనుకకు త్రిప్పి, యంత్రశక్తి యున్నచో 20, లేనిచో 40 అని నిర్ణయించెను.

కార్యాలయములలో చట్టములను చదువువారికి ఇది నిర్వచన ప్రకరణములోని ఒక పంక్తి. షెడ్డులోని మనిషికి అట్లు కాదు. 2025 వరకు అమలులో నుండిన 1948 చట్టము క్రింద ఫ్యాక్టరీ యనిపించుకొన్న చోట వారమునకు 48 గంటలకు మించి పని చేయించరాదను నియమముండెను. వారమున కొకనాడు సెలవు. ఇరువది దినముల పనికి ఒక దినము చొప్పున జీతముతో సెలవు. తిరుగు యంత్రమునకు కంచె. పనివారి పేర్లుండు రిజిస్టరు. తనిఖీ అధికారి రాక. ఫ్యాక్టరీ యనిపించుకొనని చోట ఇవి ఆ చట్టము వలన రాలేదు. మరమగ్గము ఒకటే, చప్పుడు ఒకటే, నూలుదుమ్ము ఒకటే. భేదమెల్ల ఆ చోటు పేరేమి యనుటలోనే యున్నది.

ఈ సంగతి సూరతు యజమానులకు బాగుగా తెలియును. ఒకే పైకప్పు క్రింద నున్న మగ్గములను అన్నదమ్ముల పేర, భార్య పేర, కోడలి పేర వేర్వేరు చిన్న సంస్థలుగా కాగితముపై విడదీయుట ఆ పరిశ్రమను పరిశీలించినవారు పలువురు గుర్తించిన విషయము. ఒక్కొక్క భాగమున పనివారి సంఖ్య హద్దుకు లోబడియుండును. కావున అది ఫ్యాక్టరీ కాదు, దుకాణముల చట్టము క్రింద నమోదైన సంస్థ. పదునేడవ శతాబ్దిలో సూరతున ఏమియు తయారు కాని దుకాణమునకు ఫ్యాక్టరీ యని పేరు. ఇరువదియొకటవ శతాబ్దిలో పగలును రాత్రియు గుడ్డ తయారగు శాలకు కాగితముపై దుకాణమని పేరు.

ఆ షెడ్లలో తెలుగువారును కలరు. పూర్వపు వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబములు షోలాపూరు, భీవండి, సూరతు నగరములకు తరతరములుగా వలస పోయినవి. బొంబాయిలోని కామాఠీపురా పేరే తెలుగు దేశమునుండి పోయిన కామాఠీల జ్ఞాపకము. సూరతున లింబాయతు మొదలగు వాడలలో తెలుగు పలుకు వినబడును; ఆ నగరపు పురపాలక పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమమును కలదు. చేమగ్గముపై పట్టుబడిన చేతులు అక్కడ మరమగ్గములకు కావలి యున్నవి. పండ్రెండు గంటల షిఫ్టు ఆ పరిశ్రమలో సామాన్యము. కొందరు స్వయముగా మగ్గములు కొని యజమానులైరి, అదియు చెప్పవలసినదే. మిగిలినవారికి మీటరున కింత యని కూలి. పూర్వము సాలెకు తానున కింత యని వెల యుండెను. లెక్క అదే, ఇల్లు మాత్రము తనది కాదు, మగ్గము తనది కాదు, పిల్లలు పోగు లందించు పంచ లేదు. పిల్లలు బడికి పోవుచున్నారనుట ఒక్కటియే ఈ మార్పులోని మేలు. ఆ మేలు చిన్నది కాదు.

2017లో వరంగల్లు సమీపమున, గీసుకొండ, సంగెము మండలములలో, కాకతీయ పేర పెద్ద వస్త్ర పారిశ్రామికవాడకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరతు, భీవండి, షోలాపూరులకు పోయినవారిని తిరిగి రప్పించుట దాని ఉద్దేశములలో నొకటియని ప్రభుత్వము ప్రకటించెను. తిరిగి వచ్చు పద్మశాలి ఎక్కడికి వచ్చును? సాలెవీథికి గాదు, మరియొక ఫ్యాక్టరీకి. అతని తాతకు ఫ్యాక్టరీ యనునది గోదావరి తీరపు దొర గిడ్డంగిగానో, ఊరి పొలిమేరలోని నూలుమిల్లుగానో, చూచి దాటిపోవునదిగా నుండెను.

ఈ మాటకు ఇతరములైన ఉపయోగములు పెక్కులు కలవు. అవన్నియు ఇక్కడ అనవసరము. రెండు మాత్రము చెప్పదగును. ఫాక్టరు చచ్చిపోయెననుకొనుట పొరపాటు. అతడు బ్యాంకులలో నున్నాడు. వర్తకునికి రావలసిన బాకీలను తాను కొని వసూలు చేసికొను సంస్థకు ‘ఫాక్టరు’ అని నేటికిని పేరు. ఆ వ్యాపారమును నియంత్రించుటకు మన పార్లమెంటు 2011లో ప్రత్యేక చట్టమే చేసినది. ఇక గణితమున ఒక సంఖ్యను నిశ్శేషముగా భాగించు దానిని గూడ ఇంగ్లీషున ‘ఫాక్టరు’ అందురు; తెలుగు బడిలో అది ‘కారణాంకము’. ఈ అనువాదము చేసిన మహనీయుడెవరోగాని ధాతువునెరిగి చేసెను. లాటినున ‘చేయుట’ నుండి ఫాక్టరు వచ్చినట్లే, సంస్కృతమున ‘కృ’ ధాతువు నుండి కారణము, కారకము, కర్మాగారము వచ్చినవి. పారసీకపు ‘కార్ఖానా’లోని ‘కార్’ సైతము ఆ ధాతువునకు దాయాదియే. కర్మాగారము, కార్ఖానా, ఫ్యాక్టరీ: మూడు భాషల మూడు మాటలును ‘చేయుట’నే చెప్పుచున్నవి. చేసినవారిని ఆ పేరుగల యింటికి బయట నిలిపినది సూరతు కొఠీ కాలపు ఇంగ్లీషు వాడుక యొక్కటే.

సూరతువారు మాత్రము తమ మరమగ్గముల షెడ్డును వాడుకలో ఫ్యాక్టరీ యనుటకంటె ‘ఖాతా’ యనుట కలదు. గుజరాతీలో ఆ మాటకు లెక్కల పద్దు అనియు, ఒక పనికి సంబంధించిన శాఖ యనియు అర్థములు. తెలుగున పద్దు అను అర్థమే తెలియును. తెలంగాణమునుండి కొత్తగా వచ్చిన కుఱ్ఱవాడు ‘మా నాయన ఖాతాకు పోయినాడు’ అను మాట మొదటిమారు వినినప్పుడు బ్యాంకు సంగతి యనుకొనును. పాండెసరా, వడోద్ ప్రాంతముల దారిలో సాయంకాలము షిఫ్టు మారు వేళ ఆ ఖాతాలలో నుండి వెలుపలికి వచ్చువారిని లెక్కించినచో ఎన్ని వేలయిన నగును. ఒక్కొక్క ఖాతా కాగితములో వారు పదుగురికి లోపుగానో, ఇరువదుగురికి లోపుగానో నమోదై యుందురు.